తో

బస్సుని ఇక్కడ బసు అంటారు.
మొదటి వారం ఆ మాట విని
చలిలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.
మనమూ అంతేగా,
హల్లు దగ్గర ఆగిపోయిన పరాయి మాటని
ఊరికే లోపలికి రానివ్వం,
గుమ్మంలోనే ఓ ఉకారం తొడిగించి
బస్సు, గ్లాసు, కప్పు అని పిలుచుకుంటాం,
ఇక్కడ నాకు వాకిట్లో చెప్పులు మార్పించినట్టు.

నా పేరు నిశాంత్.
తకారం కింద గాలాడుతోందని కాబోలు
హాజరు కార్డు మీద దానికీ ఒకటి తొడిగారు.
నిశాంతో.
త్సుబామె ఊళ్ళో, రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో
చెంచాలకి మెరుగుపెట్టే నలుగురిలో
నేను నిశాంతో సాన్‌ని.

చక్రం తిరుగుతుంటుంది, చెంచా ఆనిస్తాను.
బూడిదరంగు పిండి
గోళ్ళలోకి, ముక్కులోకి, డబ్బా మూత మరల్లోకి.
మెరుపు వచ్చిందో లేదో తెలియాలంటే
గుంటలో నా ముఖం చూసుకోవాలి.
తలకిందులుగా ఉంటాను.
రోజుకి పదహారు వందల సార్లు తలకిందులు.
సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో
మామూలు అద్దం
ఏదో మొహమాటానికి చెబుతున్నట్టుంటుంది.

అన్ని చెంచాలు చేసీ
రాత్రి గదిలో చేత్తోనే తింటాను.
ఇక్కడి అన్నంలో మెతుకు మెతుకుని వదలదు,
చారు పోసినా ముద్ద ముద్దగానే కూర్చుని
నా వంక చూస్తుంది.

చెత్త సంగతి చెప్పాలి.
మంగళవారం కాలేది, గురువారం కాలనిది,
నెలలో రెండో బుధవారం గాజు.
పాలడబ్బాని కడిగి, కోసి, ఆరబెట్టి, కట్ట కట్టాలి.
మొదటి నెల నా సంచి ఒక్కటే
ఎర్ర కాగితం అంటించుకుని వీధిలో మిగిలిపోయింది,
బడి బయట నిలబెట్టిన పిల్లాడిలా.
కింది వాటా కువబారా గారు ఏమీ అనలేదు.
మర్నాడు నా తలుపుకి ఆవిడ గీసిన బొమ్మలు.
చేపముల్లు, బాటరీ, పగిలిన పళ్ళెం, గొడుగు.
గొడుగు పక్కన పెద్ద ప్రశ్నార్థకం.
ఆవిడకీ తెలీదన్నమాట!
ఈ దేశంలో మొదటిసారి
ఆ రాత్రి ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను.

నా పక్క చక్రం ఖోవాది, వియత్నాం కుర్రాడు.
వాడి తప్పులూ నా తప్పులూ కలిస్తే
ఒక వాక్యం అవుతుంది.

యజమాని తల్లి ఫుమి గారికి ఎనభై మూడు.
చెంచాల్ని పల్చటి కాగితంలో చుట్టే పని
ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.
జనవరిలో ఓ మధ్యాహ్నం
కిరసనాయిలు పొయ్యి మీద కెటిల్ గునుస్తుంటే
నీ పేరుకి అర్థమేంటి, అన్నారు.
రాత్రి అయిపోవడం, అన్నాను.
చివర ఆ తో మాత్రం మీరు పెట్టింది.
మా భాషలో తో అంటే...
వెతుక్కున్నాను.
పాలతో టీ. గొడుగుతో మనిషి. ఒకరితో ఒకరు.
ఆవిడ చేతిలో కాగితం ఆగింది.
ఆ చివరిదానికి మాదీ తోనే కదా, అన్నారు.
ఖోవా నమ్మలేదు, ఫోన్ తీసి చూసి
వాళ్ళ భాషలో లేదని కాసేపు ముఖం ముడుచుకున్నాడు.
ముగ్గురం ఆ ఒక్క అక్షరం చుట్టూ
చేతులు చాపుకుని కూర్చున్నాం.

అప్పుడావిడ, ఏ ఉద్దేశమూ లేకుండానే,
మరి నిశాంతో అంటే... ఎవరితో?

చక్రాలు మొదలయ్యాయి.
జవాబు చెప్పే పని తప్పింది.

అయిదు దాటాక మంచు.
రోడ్డు మధ్య గొట్టాలు నీళ్ళు చిమ్ముతున్నాయి,
కరిగినంత మేరా తుప్పురంగు దారి.
జేబులో ఓ వంకర చెంచా.
అమ్మకానికి పనికిరానిదే,
అయినా ఫుమి గారు కాగితంలో చుట్టి మరీ ఇచ్చారు.
బసు ఆలస్యంగా వచ్చింది.
ఎక్కాను.

ఆ రాత్రి చారన్నం చెంచాతో తిన్నాను.
సగం ఒలికింది.